నౌకరి రాని చాయ్

బ్యాగు సర్దుకుంటున్న మనిషిని ఎక్కడికని అడగకూడదంటారు. అడిగితే వెళ్లే పని చెడుతుందట. అడగకుండా ఊరుకుంటే మనిషే చేజారిపోతాడేమోనని ఇంకో భయం. ఈ రెండింటిలో ఏది పెద్దదో ఆ సోమవారం మధ్యాహ్నం బ్లెస్సీకి గుమ్మంలో నిలబడి తేల్చుకోవాల్సి వచ్చింది.

ఒంటిగంటన్నర అయింది. యూనివర్సిటీ లైబ్రరీ వెనక రేకుల రీడింగ్ హాల్ ఖాళీగా ఉంది. అందరూ మెస్‌కి వెళ్లారు. సంజీవ్ ఒక్కడే మిగిలాడు. ఆరేళ్ల నోట్సు, రెండు చొక్కాలు, సబ్బుపెట్టె, డబ్బాలో అడుగున మిగిలిన కారప్పూస, అన్నీ ఒకే బ్యాగులో కుక్కి, జిప్పు పడక, దాని మీద మోకాలు పెట్టి నొక్కుతున్నాడు.

మర్చిపోయిన గొడుగు కోసం వచ్చిన బ్లెస్సీ అది చూసింది.

"ఎక్కడికి?" అని అడిగేసింది.

సంజీవ్ మోకాలు జారింది. "ఏంది, నువ్వు లంచ్‌కు పోలే?"

"గొడుగు మర్చిపోయా. ఎక్కడికి అంటే చెప్పవేం?"

"ఎక్కడికి లేదు. నోట్సు సర్దుకుంటున్న."

"నోట్సు సర్దుకోవడానికి సబ్బుపెట్టె దేనికి?"

సంజీవ్ సబ్బుపెట్టెను లోపలికి తోశాడు. అది ఇంకోవైపు నుంచి బయటికి వచ్చింది.

ఆ హాల్‌కి ఒక ఆనవాయితీ ఉంది. అక్కడ ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకుంటారు. గవర్నమెంట్ ఉద్యోగం వచ్చినవాళ్లు అందరికీ చాయ్ పోసి, మిర్చిబజ్జీలు పెట్టి, కుర్చీని ఒక జూనియర్‌కి ఇచ్చి వెళ్తారు. అలాంటి కుర్చీ కోసం జూనియర్లు కొట్టుకుంటారు. ఉద్యోగం రాక, ఇక రాదని మానుకున్నవాళ్లు మాత్రం ఎవరికీ చెప్పరు. లంచ్ టైమ్‌లో హాల్ ఖాళీ అయినప్పుడు వెళ్లిపోతారు. తిన్నాక తిరిగి వచ్చినవాళ్లు ఆ కుర్చీని చూస్తారు, ఎవరో ఒకరు దాన్ని మూలకి జరుపుతారు. అందులో మళ్లీ ఎవరూ కూర్చోరు. వెళ్లినవాడి పేరు కూడా ఎత్తరు. జ్వరం లాగా అంటుకుంటుందని భయం. నిన్నటిదాకా పక్కన కూర్చుని పెన్ను అరువడిగిన మనిషి, ఒక్క పూటలో లేనట్టే అయిపోతాడు.

ఏడాది క్రితం ఈ సంగతులేవీ తెలియక, టీచర్ పరీక్షకి చదువుకుందామని కొత్తగా వచ్చిన బ్లెస్సీ, మూలనున్న నీలం కుర్చీ బాగుందని దుమ్ము దులిపి కూర్చుంది.

"ఓ మేడం! లెవ్వు! లెవ్వు!" అని నలుగురు ఒకేసారి అరిచారు.

బ్లెస్సీ ఎగిరి బల్ల ఎక్కింది. "పామా? పామేనా?"

"పాము కాదు, కుర్చీ ఫెయిలైంది," అన్నాడు ఎదుటి వరసలోని సంజీవ్.

"కుర్చీ ఎలా ఫెయిలవుతుంది? అదేమైనా పరీక్ష రాసిందా?"

హాల్ అంతా నవ్వింది. బ్లెస్సీ మొహం ఎర్రబడింది. బల్ల దిగి, పంతానికి ఆ నీలం కుర్చీలోనే కూర్చుంది. "నాకు దేవుడున్నాడు. మీ కుర్చీలకి నేను భయపడను," అంది.

మర్నాడు ఆమెకి జలుబు చేసింది. హాల్ అంతా ఆమె తుమ్ములు లెక్కపెట్టింది. మూడో రోజు వచ్చేసరికి ఆమె చోట సంజీవ్ తెల్ల కుర్చీ ఉంది. సంజీవ్ నీలం కుర్చీలో కూర్చుని ఎకానమీ పుస్తకం తిరగేస్తున్నాడు.

"ఇదేంటి?"

"నేను రెండుసార్లు రాసిన, రెండుసార్లు కొద్దిల పోయింది. ఇగ ఈ కుర్చీ నన్ను కొత్తగ ఏం చేస్తది? నువ్వు చదువుకో," అన్నాడు తల ఎత్తకుండా.

ఆ రోజు బ్లెస్సీ ఒక్క పేజీ కూడా చదవలేదు. అది మాత్రం జలుబు వల్ల కాదు.

ఇప్పుడు అదే తెల్ల కుర్చీని లాక్కుని, సంజీవ్ బ్యాగుకి ఎదురుగా కూర్చుంది.

"ఊరికా?"

"ఆ. మా మేనమామకు జనగాంలో ఎరువుల దుకానం ఉన్నది. కూసుంట."

"నీకు ఎరువులంటే ఇష్టమా?"

"ఆ వాసనకే తలనొస్తది."

"మరి?"

"ఇష్టమైన పని ఎవడు చేస్తుండు, బ్లెస్సీ?"

"నువ్వు చేశావు. ఈస్టర్ ముందు శనివారం. మూడు గంటలు. మంచినీళ్లు కూడా అడగలేదు."

సంజీవ్ చెయ్యి జిప్పు మీద ఆగింది. బ్లెస్సీ నాన్న పౌలు సీతాఫల్‌మండి చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. ఈస్టర్‌కి ఒక్కరోజు ముందు హార్మోనియంలో ఒక మెట్టు పలకడం మానేసి గురకపెట్టడం మొదలుపెట్టింది. బ్లెస్సీ హాల్‌కి వచ్చి ఆ బాధ చెబితే, "మా తాతకు భజన పెట్టె ఉండె, నేను చూస్త," అని సంజీవ్ స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆమె వెంట వెళ్లాడు. పెట్టె విప్పి, స్వరం పలికే ఇత్తడి రీడు కింద ఇరుక్కున్న బొద్దింక రెక్కని తీశాడు. గాలి తిత్తికి పడిన చీలికకి తోలుముక్క అతికించాడు. అడగని మెట్లకి కూడా శ్రుతి సరిచేశాడు. పౌలు ఒక కీర్తన వాయించి చూసి, కళ్లు తుడుచుకుని, "నువ్వేం చదువుతున్నావు బాబూ?" అని అడిగాడు.

"గ్రూప్-టూ, అంకుల్."

"అయ్యో పాపం," అన్నాడు పౌలు.

"నువ్వు ఆపుతవనుకున్న," అన్నాడు సంజీవ్ ఇప్పుడు, జిప్పు వంక చూస్తూ. "ఇంకోసారి రాయి అంటవనుకున్న."

"నేనెందుకు అంటాను? పుస్తకం తెరిచిన అయిదు నిమిషాలకి నీ వేళ్లు బల్ల మీద మెట్లు నొక్కుతుంటాయి. ఏడాదిగా చూస్తున్నా. నాకు పిల్లలకి చెప్పడం ఇష్టం, అందుకని కూర్చున్నా. నువ్వెందుకు కూర్చున్నావో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు."

"అందరు కూసున్నరు గద. ముందు ఎవడన్న లేస్తె లేద్దామని."

బ్లెస్సీకి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ దాచుకోవడానికి గొడుగు వెతికింది. అది ఆమె చేతిలోనే ఉంది.

"నాకు చెప్పకుండానే వెళ్లేవాడివా?"

సంజీవ్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే రేకుల మీద వాన కురిసింది. కురవడమంటే అలా ఇలా కాదు, కంకర పోసినట్టు. సంజీవ్ పెదవులు చాలాసేపు కదిలాయి. ఒక్క మాటా వినబడలేదు.

"ఏంటి? ఏమన్నావు?" అని అరిచింది బ్లెస్సీ.

"వాన పడుతున్నదన్న!"

బ్లెస్సీ అతన్ని నమ్మనట్టు చూసింది. తర్వాత బ్యాగులోంచి సబ్బుపెట్టె తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"ఇది శనివారందాకా నా దగ్గరుంటుంది. అప్పటిదాకా ఊరికెళ్లావంటే మురికితో వెళ్లాలి. శనివారం నల్లకుంట వెళ్దాం, నాన్న రీడ్స్ కొనే కొట్టుకి. తర్వాత కూడా వెళ్లాలనిపిస్తే వెళ్లు. కానీ అందరూ ఉన్నప్పుడు, అందరికీ చెప్పి వెళ్లు."

నల్లకుంటలో కూరగాయల మార్కెట్ దాటాక సందులో ఉంది ఆ కొట్టు. తలుపు పైన బోర్డు రాలిపోయి మేకులే మిగిలాయి. లోపల పార్థసారథి గారు ఒక్కరే ఉన్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. చుట్టూ విప్పిన హార్మోనియంలు, గోడకి తోలు, డబ్బాల నిండా ఇత్తడి రీడ్స్.

"పౌలు చెప్పింది నిన్ను గురించేనా? కూర్చో," అన్నారాయన. మూడు రీడ్స్ ఒకదాని తర్వాత ఒకటి ఊది వినిపించారు. "ఇందులో అబద్ధం చెప్పేది ఏది?"

సంజీవ్ కళ్లు మూసుకుని విన్నాడు. "నడిమిది."

"అయితే నిజం చెప్పించు."

సంజీవ్ సన్నటి ఆకురాయి అందుకుని రీడు కొనని రెండుసార్లు మెల్లగా గీశాడు. ఊదాడు. ఇంకోసారి గీశాడు.

"కొననే ఎందుకు గీశావు?"

"శ్రుతి తక్కువున్నది సార్, పైకి పోవాలె. మొదట్ల గీస్తె ఇంకా దిగుతది."

ముసలాయన మళ్లీ ఊది విన్నారు. తర్వాత తన కుడిచేతిని సంజీవ్ ముందు చాచారు. అది ఆకులా వణుకుతోంది. "రెండేళ్లుగా ఇదీ నా పని. చెవి చెబుతుంది, చెయ్యి వినదు. వాయించేవాళ్లు ఎక్కడెక్కణ్నించో తెస్తారు, వెనక్కి పంపేస్తున్నాను. నేర్చుకుంటావా?"

"సార్, నేను గ్రూప్-టూకి..."

"ఆ వాయిద్యం నాకు తెలీదు నాయనా. ఇది తెలుసు. రెండేళ్లు కూర్చుంటే నీకూ వస్తుంది. సోమవారం రా."

బయటికి వచ్చాక సంజీవ్ సందు చివరిదాకా నడిచాడు. చివర ఆగి, "సబ్బుపెట్టె ఇయ్యి," అన్నాడు.

బ్లెస్సీ హ్యాండ్‌బ్యాగుని గట్టిగా పట్టుకుంది. "వెళ్తున్నావా?"

"హాస్టల్‌కే. చేతులకు ఇత్తడి వాసనొస్తున్నది, కడుక్కోవాలె."

సోమవారం నుంచి సాయంత్రాలు నల్లకుంట, పగలు రీడింగ్ హాల్. పార్థసారథి గారి దగ్గర మొదటి వారంలో సంజీవ్ మూడు రీడ్స్ విరగ్గొట్టాడు. రెండో వారంలో ఒక్కటే విరిగింది. మూలపడ్డ పాత పెట్టె ఒకటి మళ్లీ పలికిన రోజున అతను తార్నాకదాకా నడిచి వచ్చాడు, బస్సు ఎక్కాలన్న సంగతే గుర్తురాలేదు.

ఒక్క పని మాత్రం చెయ్యలేకపోయాడు. ఊళ్లో నాన్న బిక్షం రోజూ రాత్రి ఫోన్ చేస్తాడు. "చదువుతున్నవా బిడ్డా?" అంటాడు. "ఆ నాయినా," అంటాడు సంజీవ్. అంతే. ఆరేళ్లుగా ఆ ఇద్దరి మధ్య అవే రెండు ముక్కలు.

"ముందు హాల్‌లో చెప్పు. అక్కడ నోరు తిరిగితే ఇంట్లోనూ తిరుగుతుంది," అంది బ్లెస్సీ.

"హాల్ల చెప్పుడంటె చాయ్ పోసి చెప్పాలె. వచ్చినోడే పోస్తడా? పోయెటోడు ఎందుకు పోయొద్దు?"

"మానేస్తున్నందుకు చాయా? నిన్ను పిచ్చోడనుకుంటారు."

"రెండు బజ్జీలు తిన్నంక అనుకోరు."

జులై ఇరవయ్యారు, శుక్రవారం. మధ్యాహ్నం అందరూ తిని వచ్చి కూర్చున్నాక, గేటు దగ్గరి రాజన్న బండి నుంచి చాయ్ క్యాను, బజ్జీల గంప వచ్చాయి. హాల్ హోరెత్తింది.

"సంజీవ్! కొట్టినవా? ఏ పోస్టు? ఏ జిల్లా?" అని అందరికన్నా సీనియర్ శివకుమార్ వచ్చి భుజాలు పట్టుకుని ఊపేశాడు.

"ఆగన్నా, చెప్త. ముందు అందరికి అందనియ్యి."

బ్లెస్సీ కప్పులు అందిస్తోంది. నలభై కప్పులు నిండాయి. సంజీవ్ గొంతు సర్దుకున్నాడు. గుమ్మం వైపు తిరిగాడు. అక్కడే ఆగిపోయాడు.

గుమ్మంలో బిక్షం నిలబడి ఉన్నాడు. భుజాన బియ్యం మూట, చేతిలో మామిడి తొక్కు సీసా. నెలకోసారి ఉప్పల్ దాకా బస్సులో వచ్చి, మెట్రో ఎక్కి తార్నాకలో దిగి, కొడుక్కి ఇచ్చి పోతుంటాడు. ఈసారి రెండు రోజులు ముందొచ్చాడు.

ఆయన కొడుకుని చూశాడు. కొడుకు చేతిలో చాయ్ క్యాను చూశాడు. ఆ హాల్‌లో చాయ్ ఎప్పుడు పోస్తారో ఆయనకి ఆరేళ్లుగా తెలుసు.

మూట కింద పడింది. "బిడ్డా!" అని వచ్చి కొడుకుని కౌగిలించుకున్నాడు. క్యాను మూత ఎగిరి ఎక్కడో పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. సంజీవ్ ఒక మాట అనేలోపే బిక్షం జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఏమే కాశమ్మా! కొట్టిండే! నీ కొడుకు నౌకరి కొట్టిండు! చాయ్ పోస్తుండు, నా కండ్లార చూస్తున్న!"

చప్పట్లు ఇంకా ఎక్కువయ్యాయి. సంజీవ్ తెల్లబోయి బ్లెస్సీ వైపు చూశాడు. ఊరుకుంటే ఈ పూట గడిచిపోతుంది. రేపు ఏదో చెప్పుకోవచ్చు. పోస్టింగ్ ఆలస్యమని, లిస్టు మారిందని. అలాంటి అబద్ధాలతో నెలలు గడిపినవాళ్లు ఆ హాల్‌లో చాలామందే ఉన్నారు.

బ్లెస్సీ చేతిలో కప్పు బల్ల మీద పెట్టి ఎదురుచూసింది.

"నాయినా," అన్నాడు సంజీవ్. "నౌకరి రాలే."

బిక్షం నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "ఆ?"

"నౌకరి రాలే నాయినా. ఇగ నేను రాయ. ఇడిచిపెడుతున్న. నల్లకుంటల హార్మోనియంలు బాగుచేసుడు నేర్చుకుంటున్న. పదిహేను దినాలైంది. నీకు చెప్ప చేతగాలే. లంచ్ టైంల దొంగలెక్క పోవుడు ఇష్టంలేక అందరికి చాయ్ పోసి చెప్పి పోదామనుకున్న."

హాల్‌లో చప్పట్లు ఆగిపోయాయి. ఫోన్‌లోంచి కాశమ్మ గొంతు సన్నగా "ఏమయ్యా? ఏమయ్యా?" అంటోంది. ఒకతను కప్పు కింద పెట్టేశాడు. పక్కనతనూ పెట్టేశాడు. ఓడిపోయి వెళ్లేవాడి చాయ్ ఎవరు తాగుతారు?

బిక్షం దగ్గరున్న నీలం కుర్చీలో కూలబడ్డాడు. "పెద్దాయనా, అది..." అని ఎవరో మొదలుపెట్టి ఆపేశారు.

కింద పడిన మూట వంక చూసి, తల ఎత్తాడు.

"ఆరేండ్ల సంది," అన్నాడు, "ఊర్లె ఎదురుపడ్డోనికల్ల వచ్చే నెల వస్తది, వచ్చే నెల వస్తది అని చెప్పుకుంట తిరుగుతున్న. పెండ్లిళ్లకు పోవుడు బంద్ జేసిన. అడుగుతరని. అది కూడ ఒక నౌకరే బిడ్డా. సెలవు లేని నౌకరి. నేను గూడ అలిసిపోయిన."

"మరి ఎన్నడు చెప్పలేదేంది నాయినా?"

"నువ్వు బాధపడతవని. నువ్వెందుకు చెప్పలే?"

"నువ్వు బాధపడతవని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బిక్షం చెయ్యి చాచి బల్ల మీది కప్పు అందుకుని, ఒక్క గుక్కలో సగం తాగాడు. "మంచిగున్నది. సల్లారబెడుతున్నరేంది, తాగున్రి," అన్నాడు హాల్ వైపు తిరిగి.

శివకుమార్ ముందుగా కప్పు ఎత్తాడు. తర్వాత ఒక్కొక్కరే ఎత్తారు. బజ్జీలు అయిదు నిమిషాల్లో అయిపోయాయి.

బిక్షం ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఏమే, నౌకరి రాలేదంట. హార్మోనియంలు బాగుచేస్తడంట... ఆ... ఆ..." అని విని, కొడుకుతో అన్నాడు, "మీ అవ్వ తిడుతుంది. ముందుగాల్నే చెప్తె, అటుక మీదున్న మీ తాత భజన పెట్టెను నాతోనే పంపేదంట. ఇప్పుడు మళ్ల బస్సు కిరాయి దండగాయె అంటుంది."

హాల్ మొత్తం నవ్వింది. సంజీవ్ మాత్రం రెండు చేతుల్లో మొహం దాచుకుని, బజ్జీల కారం అన్నాడు.

మూడు గంటలకి బ్యాగు భుజాన వేసుకున్నాడు. నలభై మంది లేచి నిలబడ్డారు. కొందరు చెయ్యి కలిపారు, కొందరు వీపు తట్టారు. పేరు పెట్టి పిలిచి మరీ సాగనంపారు.

బయట మళ్లీ వాన. బ్లెస్సీ తన గొడుగు బిక్షానికి ఇచ్చింది. ఆయన ఆమెని ఎగాదిగా చూసి, "నువ్వు ఎవలు బిడ్డా?" అని అడిగాడు.

"ఇక్కడే చదువుకుంటా అండి."

"కప్పులు నువ్వే పంచినవ్, గొడుగు నువ్వే ఇస్తివి. చదువెప్పుడు?" అని, జవాబు కోసం ఆగకుండా గొడుగు వేసుకుని ముందుకు నడిచాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషి అంత వేగంగా నడవడం సంజీవ్ ఎప్పుడూ చూడలేదు.

వెనక ఇద్దరూ తడుస్తూ నడిచారు. ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద ఎర్రనీళ్లు పారుతున్నాయి.

"ఆ రోజు వానలో ఏమన్నావు?" అంది బ్లెస్సీ.

"చెప్పిన గద. వాన పడుతున్నదని."

"రెండు మాటలకి అంతసేపు పెదాలు కదలవు."

సంజీవ్ కొంతదూరం నడిచాడు. "నువ్వంటె ఇష్టమని చెప్పిన. నౌకరి వచ్చినంక చెబుదామని ఏడాది ఆగిన. ఇగ రాదని తెలిసినంక, చెప్పే హక్కు లేదనుకుని పోదామనుకున్న."

"అంటే నోటిఫికేషన్ పడకపోతే నా పెళ్లి కూడా వాయిదానా?"

సంజీవ్ నిలబడిపోయాడు. "పెండ్లి అన్నవా?"

"నేనా? వాన పడుతోందన్నాను," అని బ్లెస్సీ ముందుకు పరిగెత్తింది.

ఇక పెళ్లికి పౌలు ఒప్పుకోవాలి. కూతురు చెప్పాక ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. చర్చికి రాని ఇంటి పిల్లవాడు, చేతిలో ఉద్యోగం కూడా లేదు. రెండు రోజులూ ప్రార్థన చేసుకున్నాడు, హార్మోనియం వాయించుకున్నాడు. మూడో రోజు, తిత్తికి చిల్లు పడింది వెంటనే రమ్మని సంజీవ్‌కి కబురు పెట్టాడు. సంజీవ్ పరిగెత్తుకొచ్చి పెట్టె విప్పి, వెనకా ముందూ వెతికాడు.

"చిల్లు లేదంకుల్."

"లేదు బాబూ. చేతులు కడుక్కుని కూర్చో. అన్నం తిందాం," అన్నాడు పౌలు.

లోపల బ్లెస్సీ చేతిలోంచి గరిటె జారిన చప్పుడు ముందుగదిలోకి వినిపించింది.

మరుసటి ఏడాది బ్లెస్సీకి టీచర్ ఉద్యోగం వచ్చింది. హాల్‌లో అందరికీ చాయ్ పోసి, మిగిలింది ఫ్లాస్కులో నల్లకుంట తీసుకెళ్లింది. పార్థసారథి గారు, సంజీవ్, ఆ రోజు భజన పెట్టెకి కొత్త తోలు వేయించుకోవడానికి వచ్చిన కాశమ్మ, తలా కొంచెం తాగారు. అప్పటికే రీడింగ్ హాల్ నుంచి ఇంకా ముగ్గురు, ఉద్యోగం రాకుండానే, పట్టపగలు చాయ్ పోసి వెళ్లారు.

సంజీవ్ ఆ హాల్ నుంచి వెళ్లింది 2024 జులై 26, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలకు. మళ్లీ రాలేదు.